పురుడయ్యాక ఒంట్లో తేడాలు: ఏవి తగ్గేవరకు ఆగొచ్చు, ఏవి ఆగకూడదు

ఇంట్లో బాలింత ఉంటే చూడ్డానికి వచ్చినవాళ్లంతా తలా ఒక సలహా ఇచ్చి వెళ్తారు. చెవుల్లో దూది తీయొద్దని ఒకరు, నీళ్లు తాగితే పొట్ట వస్తుందని ఇంకొకరు. దూదితో వచ్చే నష్టమేమీ లేదు. నీళ్లు మానితే మాత్రం కింద చెప్పిన బాధల్లో రెండు మూడు మనంతట మనం తెచ్చిపెట్టుకున్నట్టే.

ముందుగా, ఆగకూడనివి

వీటిలో ఏది కనిపించినా రాత్రి, పగలు చూడకుండా 108కి ఫోన్ చేయండి, లేదా పురుడు పోసిన ఆసుపత్రికి వెళ్లండి.

- గంటలోపే ప్యాడ్ నిండా తడిసిపోతోంది, లేదా నిమ్మకాయంత రక్తపు గడ్డలు పడుతున్నాయి.
- తల పగిలిపోయేంత నొప్పి, కళ్లు మసకలు, ఫిట్స్. కాన్పయిపోయింది కదా, ఇక బీపీ గొడవ లేదనుకుంటారు. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా అది పెరగొచ్చు. గర్భంలో బీపీ లేనివాళ్లకీ రావచ్చు.
- ఒక కాలు మాత్రమే వాచి, పిక్క పట్టుకుంటే నొప్పి. లేదా ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో పోటు. ఇది రక్తనాళంలో గడ్డ కావచ్చు. రెండు పాదాలూ సమానంగా వాచి, వారం పది రోజుల్లో తగ్గిపోయే వాపు వేరు, దానికి భయం లేదు.
- 100.4 డిగ్రీలు దాటిన జ్వరం. ‘బాలింత ఒళ్లు వెచ్చగానే ఉంటుంది’ అని సరిపెట్టుకోవద్దు.
- నిద్ర లేకుండా పొంతన లేని మాటలు, తననో బిడ్డనో ఏదైనా చేసుకుంటానన్న మాట. గాలి సోకిందని తాయెత్తు కడుతూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది. దీనికి మంచి వైద్యం ఉంది.

రక్తస్రావం ఆగడం లేదు

మాయ అంటుకుని ఉన్న చోట గర్భసంచి లోపల పెద్ద పుండు లాంటిది మిగులుతుంది. అది మానేదాకా స్రావం ఉంటుంది. సిజేరియన్ అయినవాళ్లకూ ఉంటుంది. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, తర్వాత గోధుమరంగులో, పదిరోజులు దాటాక పసుపు కలిసిన తెలుపులో పడుతూ నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆగిపోతుంది.

తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎరుపు కనిపిస్తే చాలాసార్లు కారణం పనే. బరువులెత్తారో, మెట్లు ఎక్కి దిగారో గుర్తు చేసుకోండి. రోజంతా పడుకుని చూడండి. అయినా తగ్గకపోయినా, కుళ్లిన వాసన వచ్చినా లోపల మాయ ముక్క మిగిలిందనో, ఇన్‌ఫెక్షన్ చేరిందనో అనుమానించాలి. అప్పుడు స్కానింగ్ తప్పదు.

పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెడుతోంది

బిడ్డ చీకినప్పుడు ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది. కాన్పు రోజున దాదాపు కిలో ఉండే సంచి ఆరు వారాల్లో మళ్లీ పిడికిలి కన్నా చిన్నదవ్వాలి మరి. రెండో కాన్పు, మూడో కాన్పుకి ఈ నొప్పి ఇంకా ఎక్కువ. పాలివ్వబోయే ముందు మూత్రానికి వెళ్లి రండి, కొంత బాధ తగ్గుతుంది. డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకోవచ్చు, పాలిచ్చే తల్లికి అది ఇబ్బంది కాదు.

రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి

మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య పాలు ఒక్కసారిగా దిగుతాయి. ఆ వెంటనే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే: నొప్పిగా ఉందని పాలివ్వడం ఆపుతారు, పాలు ఇంకా కట్టేసుకుంటాయి, నొప్పి రెట్టింపవుతుంది.

రోజుకి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, రాత్రిళ్లు కూడా పాలివ్వాలి. రొమ్ము మరీ బిగిసి ఉంటే మొన చుట్టూ ఉన్న నల్లటి భాగం బిడ్డ నోటికి అందదు. ముందు కాసేపు వేడినీళ్లలో పిండిన గుడ్డ పెట్టి, చేత్తో కొంచెం పాలు తీసేస్తే ఆ భాగం మెత్తబడుతుంది. పాలు పట్టాక చల్లటి గుడ్డ వేసుకుంటే వాపు దిగుతుంది. గట్టిగా నలిపి మర్దనా చేయించుకోవద్దు, లోపలి కణజాలం దెబ్బతిని వాపు పెరుగుతుంది.

మొనలు పగులుతున్నాయంటే చాలావరకు బిడ్డ మొనను మాత్రమే పట్టుకుంటోందని అర్థం. నోరు బాగా తెరిచాక, నల్లటి భాగం కూడా లోపలికి పోయేలా పట్టించాలి. క్రీములు ఆ తర్వాతి మాట.

ఒక పక్క ఎర్రబడి, ముట్టుకుంటే మండుతూ, చలిజ్వరం వస్తే రొమ్ము ఇన్‌ఫెక్షన్. యాంటీబయాటిక్ అవసరమా అన్నది డాక్టర్ చెబుతారు. ఆ పక్క పాలు కూడా బిడ్డకు పట్టొచ్చు, పట్టాలి. మందు వాడినా గడ్డ కరగకపోతే చీము పట్టిందేమో చూపించాలి.

ఇక పాలు చాలడం లేదన్న దిగులు. తెలగపిండి కూర, మునగాకు, వెల్లుల్లి ఇవన్నీ మంచి తిండే, తినండి. కానీ పాలను పెంచేది ముఖ్యంగా బిడ్డ చీకడమే. ఐదో రోజు తర్వాత రోజుకి ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే బిడ్డకు పాలు సరిపోతున్నట్టే.

విరేచనం కాదు, మొలలు

ఇక్కడే పత్యం మీద నాకు కోపం. కారప్పొడి అన్నం, కొలిచి పోసే నీళ్లు, కూరగాయలకి సెలవు. దానికి తోడు ఐరన్ మాత్రలు. పాలకే బోలెడు నీరు పోతున్నప్పుడు తాగే నీళ్లు తగ్గిస్తే మలం రాయి అవుతుంది, ముక్కితే మొలలు లేస్తాయి. నీళ్లకూ పొట్టకూ సంబంధం లేదు. చల్లనివి వద్దనుకుంటే గోరువెచ్చగా తాగండి, పాలు పట్టిన ప్రతిసారీ ఒక గ్లాసు. బీరకాయ, పొట్లకాయ, ఆకుకూరలు, బొప్పాయిపండు తినొచ్చు.

కుట్లు తెగుతాయన్న భయంతో కొందరు విరేచనాన్ని బిగబట్టుకుంటారు. కుట్లు అలా తెగవు. కమోడ్ మీద కూర్చుని కాళ్ల కింద చిన్న పీట వేసుకుంటే ముక్కాల్సిన పని తగ్గుతుంది. మలం మెత్తబడే సిరప్ అడగండి.

ఐరన్ మాత్ర మాత్రం మానొద్దు. కాన్పు తర్వాత 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి. టీ, పాలతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి.

దగ్గినా నవ్వినా మూత్రం పడుతోంది

ఈ మాట తల్లికి కూడా చెప్పుకోరు. తొమ్మిది నెలల బరువుకి కటి కింది కండరాలు సాగిపోయాయి, అంతే. గ్యాస్‌నీ మూత్రాన్నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి, కొన్ని సెకన్లు ఉంచి వదలండి. పూటకి ఎనిమిదిసార్లు, రోజుకి మూడు పూటలు, మూడు నెలలు మానకుండా చేయాలి. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ సాధన చేయొద్దు. గ్యాస్, మలం ఆగకపోయినా, కిందికి ఏదో జారుతున్నట్టున్నా వ్యాయామంతో సరిపెట్టకుండా చూపించుకోండి.

పొట్ట తగ్గలేదు

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తి బొడ్డు దగ్గర వేళ్లతో నొక్కి చూడండి. రెండు వేళ్లకు మించి సందు తగిలితే పొట్ట కండరాలు విడిపోయి ఉన్నాయన్నమాట. మొదటి రెండు నెలల్లో చాలామందికి కొంత పూడుతుంది. నడికట్టు నడుముకి ఆసరా ఇస్తుంది గానీ కొవ్వు కరిగించదు. ఊపిరాడనంత బిగిస్తే ఒత్తిడంతా కిందికి దిగి, పైన చెప్పిన మూత్రం సమస్య పెరుగుతుంది. తొందరపడి సిటప్స్ చేయొద్దు. పొట్ట మీద సాగిన చారలు రంగు తగ్గుతాయి తప్ప పూర్తిగా పోవు, ఏ క్రీము కొన్నా అంతే.

నడుం నొప్పి, మణికట్టు నొప్పి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అందుకే ‘వెన్నులో మత్తు సూది వల్లే ఈ నడుం నొప్పి’ అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు నొప్పి ఉండొచ్చు. నెలల తరబడి ఉండే నొప్పికి కారణం వదులైన కీళ్లు, బలహీనపడ్డ పొట్ట కండరాలు, బిడ్డ మీదికి వంగి పాలివ్వడం. ఒళ్లో దిండు పెట్టి బిడ్డను రొమ్ము దగ్గరికి తెచ్చుకోండి, మీరు వంగకండి. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి మొదటి వారంలో వస్తే మాత్రం అది సూది వల్ల కావచ్చు. ఆసుపత్రికి చెప్పండి.

బొటనవేలు వైపు మణికట్టు నొప్పి బిడ్డను ఎత్తే తీరు వల్ల వస్తుంది. బొటనవేళ్లు చాచి చంకల కింద పట్టి లేపకుండా, అరచేతులు కిందినుంచి పెట్టి ఎత్తండి.

జుట్టు కుచ్చులుగా ఊడుతోంది

గర్భంలో ఊడకుండా ఆగిన జుట్టు రెండు నుంచి నాలుగో నెలలో ఒక్కసారిగా రాలుతుంది. ఏడాది లోపు మళ్లీ వస్తుంది. నూనె మార్చినందుకు కాదు, దాని సమయం వచ్చి. దాంతోపాటు విపరీతమైన నీరసం, గుండెదడ ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. కాన్పయిన ఏడాదిలో కొందరికి థైరాయిడ్ తేడా చేస్తుంది.

నెలసరి ఇంకా రాలేదు

పాలిచ్చేవాళ్లకు నెలల తరబడి రాకపోవచ్చు, అది జబ్బు కాదు. కానీ అండం నెలసరి కన్నా ముందే విడుదలవుతుంది కాబట్టి, రాలేదు కదా అన్న ధీమాతో మళ్లీ గర్భం దాల్చినవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. 42వ రోజున ఆశా కార్యకర్త వచ్చినప్పుడో, ఆసుపత్రికి చెకప్‌కి వెళ్లినప్పుడో గర్భం రాకుండా ఏం వాడాలో అడగండి. కాపర్-టీ ఆ సమయంలో వేయించుకోవచ్చు. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు గ్లూకోజ్ పరీక్ష కూడా అప్పుడే చేయించుకోవాలి.