దేశం కోసం ప్రార్థించేవాళ్లు ముందు కాటా చూసుకోండి

నీతి జనాన్ని ఘనతకెక్కిస్తుందనే బైబిల్లోని సామెతలు 14:34 మనలో చాలామందికి కంఠతా వచ్చు, దేశం కోసం ఉపవాస ప్రార్థనలూ పెడతాం, మంచిదే, కానీ మొదలుపెట్టాల్సింది మాత్రం మీ వ్యాపారం దగ్గర. కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు కొనేవాళ్లయితే, ఖాళీ కాటా సున్నా చూపిస్తోందని రైతుకు చూపించాకే సంచి ఎక్కించండి, సంచి బరువు కింద ఎంత తీస్తారో తూకానికి ముందే చెప్పండి, చీటీ రాసి చేతికివ్వండి. దొంగత్రాసు దేవునికి హేయమని సామెతలు 11:1 సూటిగానే చెప్పింది.

కూలీ డబ్బులు ఏ రోజువి ఆ రోజే (లేవీయకాండము 19:13). అనంతపురం ఎండలో శెనక్కాయ చెట్లు పీకించుకుని "వచ్చే వారం చూద్దాంలే" అనే మనిషి ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చుంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు?

ఇక ఎన్నికలు. ఓటుకు డబ్బు పంచడమే కాదు, తీసుకోవడమూ చట్టప్రకారం నేరమే. "తీసుకుని మనకు నచ్చినోళ్లకే వేద్దాం" అనే తెలివి మన సంఘాల్లోనూ ఉంది, నాకైతే అది అస్సలు మింగుడుపడదు. కవరు పట్టుకుని ఇంటికొస్తే గొడవపడక్కర్లేదు, "వద్దన్నా, మా ఇంట్లో తీసుకోం" అని పిల్లల ముందే చెప్పి పంపండి.

ఇంతకుముందే ఎవరినైనా ముంచి ఉంటే? యేసును కలిశాక, పన్నులు వసూలు చేసే జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). మీరు కనీసం అసలైనా ఇచ్చేయండి, సంఘం ముందు సాక్ష్యం చెప్పడం తర్వాత.