ఈగలు కడదాం రండి – 3: ఊలీ బగ్గర్

ఈగ అంటే ఇక్కడ చేపల్ని పట్టడానికి గాలానికి ఈకలు, దారం కట్టి చేసే ఉత్తుత్తి ఎర. పోయిన పాఠంలో గాలాన్ని వైస్‌లో, అంటే దాన్ని కదలకుండా పట్టుకునే పట్టకారులో బిగించి, కాడ మీద, అంటే గాలం తిన్నని భాగం మీద, దారం చుట్టడం, విప్పడం పదిసార్లు చేయమన్నాను. చేసినవాళ్లు ఇవాళ అసలు ఈగ కడతారు. చేయనివాళ్లు ముందు ఆ పని కానిచ్చి రండి, పాఠం ఎక్కడికీ పోదు.

ఊలీ బగ్గర్ పేరుకే ఈగ. నీళ్లలోకి దిగాక జలగలా, చేపపిల్లలా కనిపిస్తుంది. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన రస్సెల్ బ్లెస్సింగ్ 1967లో దీన్ని మొదట కట్టాడంటారు. ఏటి రాళ్ల కింద బతికే డాబ్సన్‌ఫ్లై పిల్లపురుగు ఆయన మనసులో ఉన్న నమూనా. ట్రౌట్, బాస్ అనే చేపలు రెండూ దీనికి పడతాయి. నేను దీంతో మొదలుపెట్టించడానికి కారణం మాత్రం వేరు: సైజు పెద్దది, బొచ్చు ఎక్కువ, మన తప్పులన్నీ ఆ బొచ్చులో దాక్కుంటాయి.

కావలసినవి: 8వ నంబరు పొడుగు కాడ గాలం, 6/0 నల్ల దారం, నల్ల మారబూ ఈక ఒకటి, ఆలివ్ రంగు షెనీల్ జానెడు, మెత్తటి నల్ల పుంజు ఈక ఒకటి. గాలం నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, కొనేటప్పుడు చూసుకోండి. మారబూ అంటే ఒకప్పుడు ఆ పేరున్న కొంగ ఈక. ఇప్పుడు దుకాణంలో ఇచ్చేది టర్కీ కోడిది. షెనీల్ అంటే బొచ్చున్న మందపాటి దారం, ఫ్రెంచిలో ఆ మాటకు గొంగళిపురుగు అని అర్థం. చేతిలోకి తీసుకుంటే ఆ పేరెందుకు పెట్టారో మీకే తెలుస్తుంది. పుంజు ఈకకు డబ్బు పెట్టనక్కర్లేదు. ఇంటి దగ్గర కాకి పుంజు ఉంటే దాని ఈకే చాలు. సబ్బునీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాకే డబ్బాలో పెట్టండి, లేకపోతే పురుగు పట్టి మిగతా ఈకల్ని కూడా తినేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈగ కట్టడంలో ముడులు వేసేది చివర్లోనే. అప్పటిదాకా అన్నిటినీ పట్టి ఉంచేది దారం బిగువు. దారం ఎంత లాగితే తెగుతుందో తెలియక కొత్తవాళ్లు భయపడి వదులుగా చుడతారు, ఈక కాస్తా గాలం చుట్టూ గిర్రున తిరుగుతుంది. అందుకే ఉత్త గాలానికి దారం చుట్టి, కావాలనే తెగేదాకా లాగండి. రెండుసార్లు తెంపితే చేతికి లెక్క తెలుస్తుంది. తెగడానికి కాస్త ముందు ఆపడమే మనకు కావలసిన బిగువు. చెయ్యి వదిలినప్పుడు బాబిన్‌ని, అంటే దారపు రీలు ఉండే పిడిని, వేలాడనివ్వండి, దాని బరువే దారాన్ని లాగి పట్టుకుంటుంది.

కాడ పొడవునా దారం చుట్టుకుంటూ వంపు దాకా రండి. మారబూ బొచ్చు గాలికి ఎగిరి ముక్కులోకి పోతుంటే వేళ్లు తడి చేసుకుని ఒక్కసారి నిమరండి, బుద్ధిగా పడుకుంటుంది. ఈ ఈకే మన ఈగకు తోక, దాని పొడవు కాడ పొడవంత ఉండాలి. దాన్ని కాడ మీద పెట్టి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలుతో నొక్కి పట్టండి. దారాన్ని ఆ రెండు వేళ్ల మధ్యలోంచి పైకి తెచ్చి, చిన్న వదులు మెలికలా అవతలివైపు దించి, అప్పుడు నిటారుగా కిందికి లాగండి. వేళ్లు మాత్రం తీయకండి. మల్లెపూలు దండ కట్టినవాళ్లకు ఇది కొత్త కాదు: కాడలు వేళ్ల మధ్య ఉండగానే దారం బిగించాలి, ముందే వదిలితే పూలు చెల్లాచెదురు. మూడు చుట్లు అలా పడ్డాక వేళ్లు తీసి చూడండి. తోక కాడ పైనే నిలబడి ఉంటే పని అయినట్టే. అవతలికి ఒరిగితే విప్పి మళ్లీ కట్టండి. మిగిలిన ఈక మొదలును అక్కడే కత్తిరించకుండా కాడ వెంబడి దారంతో కట్టుకుంటూ ముందుకు తెండి, ఒళ్లు ఎత్తుపల్లాలు లేకుండా వస్తుంది. గాలం కన్నుకు (గాలపు తాడు దూర్చే రంధ్రానికి) కాస్త ఇవతల ఆపి మిగిలింది కత్తిరించి, దారాన్ని మళ్లీ తోక దగ్గరికి తీసుకెళ్లండి.

తోక దగ్గర పుంజు ఈకను కొస వైపు నుంచి కట్టండి. షెనీల్ చివర కొంచెం బొచ్చు గోటితో లాగేసి, లోపలి నూలు బయటపడ్డాక దాన్నీ అక్కడే కట్టండి. దారాన్ని ముందుకు తెచ్చి, కన్నుకు మూడు మిల్లీమీటర్ల ఇవతల ఆపండి. ఆ మూడు మిల్లీమీటర్లు ఎవరికీ ఇవ్వకండి! షెనీల్‌ని పక్కపక్కన చుట్టుకుంటూ అక్కడిదాకా వచ్చి కట్టేయండి. దాని మీదుగా పుంజు ఈకను ఐదారు చుట్లు, మధ్యలో ఖాళీ వదులుతూ, మెట్లమెట్లుగా తెచ్చి కట్టండి. బొచ్చు వెనక్కి వాలి ఉండాలి. మిగిలినవి కత్తిరించండి.

నా మొదటి బగ్గర్‌లో ఆ మూడు మిల్లీమీటర్లు షెనీల్‌తో నింపేశాను, పైగా జిగురు కూడా ధారాళంగా పోశాను. ఏటి దగ్గర చూస్తే కన్నే లేదు. చలికి కొంకర్లుపోయిన వేళ్లతో, పిన్నీసు పెట్టి పావుగంట గీకాను. పక్కనున్న పెద్దాయన ఆ టైములో రెండు చేపలు పట్టాడు.

తల దగ్గర దారం నాలుగు చుట్లు చుట్టి, ఒకదాని మీద ఒకటి మూడు ఉత్త ముడులు వేసి తెంపండి. రంగులేని గోళ్ల పాలిష్ సూది మొనతో ఒక్క చుక్క చాలు. విప్ ఫినిష్ అనే అసలు ముడి తర్వాతి పాఠంలో నేర్చుకుందాం, దానికి ఒక పాఠమంతా పడుతుంది.

ఈలోగా ఇవే ఆరు కట్టండి. రంగు మార్చొద్దు, సైజు మార్చొద్దు. ఆరూ వరసగా పెట్టి తోక పొడవులు పోల్చి చూడండి. తర్వాత ఒకదాన్ని దారానికి కట్టి గాజు గ్లాసు నీళ్లలో ముంచి, మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. పొడిగా ఉన్నప్పుడు పౌడరు పఫ్‌లా ఉన్న తోక సన్నబడి, ఊపిరి పీలుస్తున్నట్టు ముడుచుకుని విచ్చుకుంటుంది.