32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి ట్యూబ్ ఆంప్ కావాలా? కొనే ముందు ఇవి చూసుకోండి

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. ఎవరో వాడి అమ్మేస్తున్న ఓటీఎల్ ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్లలో ఒక రకం, సంగతి కింద చెబుతాను) చవగ్గా దొరికిందని వెనకాముందూ చూడకుండా కొనేశాను. ట్యూబులు ఎర్రగా వెలుగుతుంటే మా నాన్న "అచ్చం మన పాత వాల్వ్ రేడియోలా ఉందిరా" అని మురిసిపోయారు గానీ, నా 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెట్టి వింటే బేస్ నీళ్ల మజ్జిగలా ఉంది. అదే ఆంప్‌కి స్నేహితుడి సెన్‌హైజర్ హెచ్‌డీ 650 తగిలిస్తే పాటకి ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే అది 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్. ఆంప్‌లో లోపం లేదు, జోడీ కుదరలేదంతే.

ముందు మీ హెడ్‌ఫోన్ సంగతి చూడండి. పెట్టె మీద రెండు అంకెలుంటాయి, ఇంపెడెన్స్ (కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో, ఓమ్‌లలో), సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో). గ్రాడో పాత మోడళ్లు చాలావరకు 32 ఓమ్‌లు, ఆడియో టెక్నికా ఎం50ఎక్స్ 38. ఇలాంటివాటికి వోల్టేజీ తక్కువ చాలు, కరెంటు మాత్రం ఎక్కువ కావాలి. లెక్క కావాలంటే, 40 మిల్లీవాట్లు ఇవ్వాలనుకోండి: 300 ఓమ్‌లకి దాదాపు 3.5 వోల్టులు, 12 మిల్లీఆంపియర్లు సరిపోతాయి. అదే 32 ఓమ్‌లకి 1.1 వోల్టులే చాలు గానీ కరెంటు 35 మిల్లీఆంపియర్లు కావాలి. ట్యూబ్ స్వభావం దీనికి సరిగ్గా తలకిందులు, వోల్టేజీ ధారాళంగా ఇస్తుంది, కరెంటు దగ్గర పిసినారి.

తర్వాత ఆంప్ ఏ రకమో కనుక్కోండి, అసలు నిర్ణయం ఇక్కడే. ఓటీఎల్ అంటే ట్యూబుకీ హెడ్‌ఫోన్‌కీ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ లేనిది. వీటి ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ఆంప్ సొంత ఇంపెడెన్స్, మామూలుగానే ఎక్కువ, 100 ఓమ్‌లు దాటడం కూడా మామూలే. 120 ఓమ్‌ల ఆంప్‌కి 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ పెడితే వోల్టేజీలో ఐదో వంతే చెవికి చేరుతుంది, మిగతాదంతా ఆంప్‌లోనే ఖర్చు. పైగా మామూలు డైనమిక్ డ్రైవర్ (హెడ్‌ఫోన్‌లో శబ్దం పుట్టించే చిన్న స్పీకర్) ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకేలా ఉండదు, బేస్‌లో ఒకచోట పైకి లేస్తుంది కాబట్టి అక్కడ శబ్దం ఉబ్బి, పట్టు వదిలేసినట్టు మోగుతుంది. ఔట్‌పుట్ కెపాసిటర్ చిన్నదైతే ఇంకో దెబ్బ: ఆంప్ సొంత ఇంపెడెన్స్ పక్కన పెట్టి చూస్తే, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ 300 ఓమ్‌లకి 5 హెర్ట్జ్ దగ్గర బేస్ కోత మొదలుపెడితే 32 ఓమ్‌లకి 50 హెర్ట్జ్ దగ్గరే మొదలుపెడుతుంది.

కాబట్టి మీకు మిగిలేవి రెండు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పూర్తి ట్యూబ్ ఆంప్, లేదా హైబ్రిడ్. ట్రాన్స్‌ఫార్మర్‌ది మంచి దారే, వూ ఆడియో డబ్ల్యూఏ6 లాంటివి అలా పనిచేసేవే, కానీ మంచి ట్రాన్స్‌ఫార్మర్ బరువూ ధరా రెండూ ఎక్కువే. హైబ్రిడ్‌లో ట్యూబ్ వోల్టేజీని పెంచుతుంది, కరెంటు మోసే పని ట్రాన్సిస్టర్లు చూసుకుంటాయి. షిట్ (Schiit) కంపెనీ వాలీ వరుస ఇలాంటిదే. మొదటిసారి కొనేవాళ్లకి నేనైతే హైబ్రిడ్డే చెబుతాను. "ఇది నిజమైన ట్యూబ్ కాదు" అని మూతి విరిచేవాళ్లుంటారు, పట్టించుకోకండి. అయితే మరీ చవక మోడళ్లలో కొన్నింటికి ట్యూబు కింద నారింజ రంగు ఎల్‌ఈడీ పెట్టి వెలుగు చూపిస్తుంటారు, ఆ కాంతి చూసి మోసపోవద్దు.

ఇక స్పెసిఫికేషన్. ఔట్‌పుట్ ఇంపెడెన్స్ మీ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకపోతే నిశ్చింత, అంటే 32కి 4 ఓమ్‌లు. ప్లానార్ హెడ్‌ఫోన్ల (పలచని పొర మొత్తం కదిలి మోగే రకం) ఇంపెడెన్స్ దాదాపు సమానంగా ఉంటుంది కనుక వాటికి కొంచెం ఎక్కువైనా స్వరం మారదు, పవర్ తగ్గుతుంది. పవర్ అంకె ఏ ఓమ్‌ల దగ్గర రాశారో చూడండి, 300 దగ్గర ఘనంగా ఉండి 32 దగ్గర మౌనం వహిస్తే అనుమానించాల్సిందే. ఇయర్‌ఫోన్లు వాడేవాళ్లు పవర్ కంటే ముందు హిస్ (బుస్సుమనే శబ్దం), హమ్ (గుయ్‌మనే శబ్దం) సంగతి అడగాలి.

అంకె ఇవ్వకపోతే ఆంప్ చేతికొచ్చాక మీరే కొలవచ్చు. హెడ్‌ఫోన్ తీసేసి, 400 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, మల్టీమీటర్‌తో ఒక ఛానెల్ ఏసీ వోల్టేజీ చూడండి. తర్వాత 33 ఓమ్‌ల రెసిస్టర్ తగిలించి, వాల్యూమ్ కదపకుండా మళ్లీ చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణించాలి. 0.50 కాస్తా 0.42 అయితే 6 ఓమ్‌ల పైచిలుకు. జాక్ దగ్గరే కొలవండి, ఆంప్ మూత మాత్రం తీయొద్దు, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉండొచ్చు.

అమెరికా నుంచి ఎవరైనా తెస్తుంటే అది 230 వోల్టులదేనా, 115దా అని ముందే అడగండి. వాడేటప్పుడు ఆన్ చేసి ఒక నిమిషం ఆగి, అప్పుడు హెడ్‌ఫోన్ పెట్టండి, మొదట్లో వచ్చే ఆ "ధప్" డ్రైవర్‌కి మంచిది కాదు. ట్యూబులు మార్చే సరదా పుడితే సాకెట్‌లో దూరిందని పెట్టేయకండి, 6ఎన్3 అనే ట్యూబు బదులు 5670 నడుస్తుంది గానీ 6922 నడవదు, రెంటికీ తొమ్మిది పిన్నులే అయినా వైరింగ్ వేరు.