రష్ గడ్డి దీపం చేసే పద్ధతి

పరిశ్రమలు రాకముందు బ్రిటన్ పల్లెల్లో పేదింటి రాత్రి వెలుగు ఇదే. 1709 నుంచి 1831 దాకా కొవ్వొత్తుల మీద పన్ను ఉండేది. సొంత వాడకానికి కొవ్వులో ఒక్కసారి ముంచి చేసుకున్న రష్ దీపానికి మాత్రం ఆ బెడద లేదు.

రష్ మన తుంగలా చిత్తడి నేలల్లో, వాగుల ఒడ్డున పెరిగే గడ్డి. నడివేసవిలో, పొడవుగా లావుగా ఉన్న కాడలు ఎంచి కోయాలి. కోసిన వెంటనే నీళ్లలో వేయాలి. ఎండిందా, తొక్క లోపలి మెత్తని బెండుకు అతుక్కుపోయి ఊడిరాదు.

అసలు పనితనమంతా ఒలవడంలో ఉంది. కింది నుంచి పైదాకా సన్నటి ఒక్క పేలిక మిగిల్చి తక్కిన తొక్కంతా తీసేయాలి. ఆ పేలికే బెండుకు వెన్నెముక. అదీ ఊడితే బెండు ముంచేటప్పుడే విరుగుతుంది. వెడల్పుగా మిగిలితే వెలుగు మసకబారుతుంది. చూపు లేని ముసలమ్మలు కూడా చేతి వాటంతో చకచకా ఒలిచేవారట! ఒలిచినవాటిని కొన్ని రాత్రులు మంచులో పచ్చిక మీద పరిచి, తర్వాత ఎండబెట్టాలి.

కొవ్వుకు ఖర్చు అక్కర్లేదు, పంది మాంసం ఉడికిన కుండ మీద తేలిన తెట్టె చాలు. అయితే అందులో ఉప్పుంటుంది. గోరువెచ్చని పొయ్యిలో ఉంచితే ఉప్పు అడుగుకు దిగుతుంది, పైనున్న కొవ్వు వంచుకోవాలి. కాస్త తేనెమైనం కలిపితే దీపం గట్టిపడి, ఎక్కువసేపు వెలుగుతుంది. పౌను (దాదాపు 450 గ్రాముల) ఎండు బెండ్లకు, అంటే దాదాపు 1600 కాడలకు, 6 పౌన్ల కొవ్వు పడుతుంది. పడవలాంటి పొడవాటి ఇనుప మూకుడులో కొవ్వు బాగా కాచి, కాడను పొడవునా ముంచి తీసి, చెట్టు బెరడు మీద ఆరబెట్టాలి.

వెలిగించేటప్పుడు చెక్క దిమ్మెకు బిగించిన ఇనుప పట్టుకారులో ఏటవాలుగా పట్టించి, మంట దగ్గరపడినప్పుడల్లా పైకి జరపాలి. మరీ కిందికి వంచితే గబగబా కాలి కొవ్వు కారుతుంది. ఇంగ్లండులో హాంప్‌షైర్‌లోని సెల్‌బోర్న్ పల్లెలో 18వ శతాబ్దపు ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్ గడియారం పెట్టి చూస్తే, 2 అడుగుల నాలుగున్నర అంగుళాల కాడ 57 నిమిషాలు వెలిగింది. ఆయన లెక్కన ఒక్క ఫార్దింగుకు, అంటే పావు పెన్నీకి, ఐదున్నర గంటల వెలుగు.

రాత్రంతా మినుకుమినుకుమనే దీపం కావాలంటే మాత్రం రెండు పేలికలు మిగల్చాలి. వెలుగు తగ్గినా, నిదానంగా కాలుతుంది.