గుడ్డ కింద దాగిన సెన్సర్
కారు ఏసీని ఆటో మోడ్‌లో, అంటే ఫ్యాను వేగాన్ని తనే సర్దుకునే పద్ధతిలో ఉంచి 24 డిగ్రీలు పెడితే, మిట్టమధ్యాహ్నం కూడా ఫ్యాను నీరసంగా తిరిగేది. గ్యాసు తగ్గిందనుకుని నింపించబోయాను. ఈలోగా డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దం అంచున ఉండే చిన్న నల్లటి బొడిపె గుర్తొచ్చింది. అది ఎండ తీవ్రతను కొలిచే సెన్సర్. దాని మీద నేనే ముచ్చటపడి మందపాటి గుడ్డ పరిచాను! పాపం, దానికి పగలూ చీకటే. గుడ్డ తీసేశాను. స్టీరింగ్ పక్కన, లోపలి గాలి వేడిని చూసే సెన్సర్ జాలీకి పట్టిన దుమ్మును మెత్తటి కుంచెతో దులిపాను. ఇప్పుడు ఎండ తగలగానే ఫ్యాను తనంతట తానే పుంజుకుంటోంది.

త్వరగా చల్లబడాలని 16కు తిప్పే అలవాటూ మానుకున్నాను. కారు బాగా వేడెక్కి ఉంటే, 24 దగ్గర ఉంచినా ఆటో మొదట జోరుగానే పనిచేస్తుంది.