కాంట్రా, మారియో ఇప్పుడు ఆడితే చిరాకేస్తోందా? సమస్య – పరిష్కారం

పదేళ్ల వయసులో మాట్లాడుకుంటూ దాటేసిన గుంతలో ఇప్పుడు మూడు ప్రాణాలూ పోతున్నాయి. తీర్పు వెంటనే వచ్చేస్తుంది: "ఇందులో ఏముందని అన్ని గంటలు ఆడాం?" లేకపోతే "మనకి వయసైపోయింది." రెండూ కాసేపు ఆపండి. ఆ గేమ్ అప్పుడు నడిచినట్టు ఇప్పుడు నడుస్తోందా లేదా అన్నది ముందు తేలాలి. చాలామంది అది చూడకుండానే గేమ్‌ని తిట్టి మూసేస్తారు.

ఇది క్యాసెట్ పెట్టి ఆడిన టీవీ గేముల గురించి: మారియో, కాంట్రా, ట్యాంక్ గేమ్ అని మనం పిలిచిన బ్యాటిల్ సిటీ, డక్ హంట్. ఎమ్యులేటర్ (పాత పెట్టె గేముల్ని కంప్యూటర్లోనో ఫోన్లోనో నడిపే ప్రోగ్రామ్) ఎక్కించడం, ప్యాడ్ బటన్లు పెట్టుకోవడం తెలుసనే అనుకుంటున్నాను.

మొదట ఒక్క ప్రశ్న. ఇబ్బంది ఆలస్యమా, వేగమా? బటన్ నొక్కాక మారియో కాసేపు ఆలోచించి ఎగిరినట్టు ఉంటే ఆలస్యం. నొక్కగానే ఎగురుతున్నాడు గానీ గుంతే ముందుగా వచ్చేస్తున్నట్టు ఉంటే వేగం. రెండింటికీ చావు ఒకలాగే ఉంటుంది, మందు మాత్రం వేరు.

లక్షణం: నొక్కింది ఒకప్పుడు, ఎగిరింది ఇంకొకప్పుడు

కారణం టీవీ. పాత డబ్బా టీవీ సిగ్నల్ వచ్చింది వచ్చినట్టే గీసేది. ఇప్పటి టీవీ బొమ్మని ముందు తన దగ్గర పెట్టుకుని పదును పెట్టి, కదలిక నునుపు చేసి, ఆ తర్వాత చూపిస్తుంది. ఈ గేముల్లో ఒక ఫ్రేమ్ (తెర మీద పడే ఒక్కో బొమ్మ) అంటే దాదాపు 17 మిల్లీసెకన్లు. టీవీ 80 మిల్లీసెకన్లు తినేసిందంటే ఐదు ఫ్రేములు పోయినట్టే. గుంత అంచున ఎగిరే అలవాటున్న వేలికి ఐదు ఫ్రేములంటే చావే.

పరిష్కారం: రిమోట్ తీసుకుని గేమ్ మోడ్ ఆన్ చేయండి. కొన్ని టీవీల్లో పిక్చర్ మోడ్‌లో ఉంటుంది, కొన్నింటిలో జనరల్ సెట్టింగ్స్‌లో. చాలా టీవీల్లో ఇది ఏ హెచ్‌డీఎంఐకి దానికే విడిగా ఉంటుంది. ఒకటో దానికి పెట్టి, గేమ్ నడిచే పెట్టెని రెండో దానికి గుచ్చి, "గేమ్ మోడ్ పెట్టినా మారలేదండీ" అనేవాళ్లకి లెక్కలేదు. మీరు ఆడుతున్న ఇన్‌పుట్ తెరపై ఉండగానే ఆ మెనూలోకి వెళ్లండి.

అనుమానం తీరకపోతే కొలవండి. ఫోన్ స్లో మోషన్‌ని 240 ఫ్రేములకు పెట్టి, వేలూ తెరా రెండూ కనబడేలా తీయండి. బటన్ కిందికి దిగిన ఫ్రేము నుంచి మారియో కాళ్లు లేచిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. ఒక్కోటి 4 మిల్లీసెకన్ల పైచిలుకు. 15 ఫ్రేముల లోపు ఉంటే హాయిగా ఆడొచ్చు. 25 దాటితే ఎక్కడో తినేస్తోంది. టీవీ కాకపోతే బ్లూటూత్ ప్యాడ్ అయ్యుంటుంది, వైరు పెట్టి మళ్లీ కొలవండి.

ఇంకా మిగిలితే రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్‌లో రన్-అహెడ్ ఉంది, గేమ్‌ని కొన్ని ఫ్రేములు ముందుగా నడిపి ఆలస్యాన్ని కప్పేసే ఆప్షన్. గేమ్‌ని పాజ్ చేసి, జంప్ నొక్కి పట్టుకుని, ఫ్రేము ఫ్రేముగా జరపండి. బొమ్మ మారకుండా ఎన్ని ఫ్రేములు గడిచాయో అంతే పెట్టండి. ఈ గేములకు సాధారణంగా 1 లేదా 2. ఎక్కువ పెడితే ఇంకా చురుగ్గా ఉంటుందని 4 పెట్టేవాళ్లున్నారు. అప్పుడు కదలికలో మొదటి ముక్కలు ఎగిరిపోయి మారియో గంతులేస్తాడు.

లక్షణం: నొక్కగానే పలుకుతోంది, అయినా గేమ్ తరుముతున్నట్టు ఉంది

అందరినీ ముంచేది ఇదే. గేమ్ మోడ్ పెట్టారు, వైరు ప్యాడ్ కొన్నారు, రన్-అహెడ్ సరిచేశారు. అయినా చేతికి అందదు. కాంట్రా మొదటి స్టేజిలో పేలే వంతెన మీద అడుగు వెనకబడుతున్నారు, మారియో పాట ఎవరో వెనక నుంచి నెట్టినట్టు సాగుతోంది. ఎర్రర్ లేదు, బొమ్మ నునుపుగా ఉంది, శబ్దం చెవికి తేడాగా లేదు. తప్పు ఎక్కడా కనబడదు కాబట్టి నేరం గేమ్ మీదకో వయసు మీదకో పోతుంది.

అసలు సంగతి: అప్పట్లో మనలో ఎక్కువమంది ఆడిన పెట్టె నింటెండోది కాదు, దాని నకలు. మన టీవీలు పాల్ (సెకనుకు 50 సార్లు తెర గీసే సిగ్నల్) పద్ధతివి కాబట్టి ఆ నకళ్లు కూడా సెకనుకు 50 ఫ్రేములు గీసేలా తయారైనవి. కానీ క్యాసెట్‌లో ఉన్నది జపాన్, అమెరికాల కోసం సెకనుకు 60 ఫ్రేములకు రాసిన ప్రోగ్రామే. ఈ గేములు గడియారం చూసి నడవవు, ఫ్రేములు లెక్కపెట్టి నడుస్తాయి. ఒక ఫ్రేముకి మారియో ఇంత జరగాలి, ఇన్ని ఫ్రేములకు ఒక స్వరం మారాలి అన్నదే లెక్క. 60 రావాల్సిన చోట 50 వస్తే గేమ్ మొత్తం ఆరింట ఒక వంతు నెమ్మదిస్తుంది. మన వేళ్లు అలవాటుపడింది ఆ నెమ్మదికి. ఇప్పటి ఎమ్యులేటర్ గేమ్ ఫైలు చూసి, 60కే నడుపుతుంది. అంటే చిన్నప్పుడు ఆడిన దానికన్నా 20 శాతం వేగంగా ఆడమంటోంది.

మాట మీద నమ్మొద్దు, స్టాప్‌వాచ్ తీయండి. సూపర్ మారియో మొదటి స్టేజి మొదలుపెట్టి మారియోని అలాగే నిలబెట్టండి, ముందుకు కదలనంత వరకు ఎవరూ మీదికి రారు. పైన టైమ్ 350 పడగానే మొదలుపెట్టి 250 దగ్గర ఆపండి. ఆ టైమ్‌లో ఒక్కో అంకె దిగడానికి 24 ఫ్రేములు పడుతుంది. వంద అంకెలకు 2400 ఫ్రేములు. 60తో నడిస్తే 40 సెకన్లు, 50తో నడిస్తే 48. మీకు 40 వస్తే జబ్బు దొరికినట్టే.

పరిష్కారం సెట్టింగ్‌లో ఉంది, కానీ అక్కడే రెండో గోతి. రీజియన్ మెనూలో ఎన్‌టీఎస్‌సీ, పాల్, డెండీ అని మూడు కనబడతాయి. ఎన్‌టీఎస్‌సీ అంటే జపాన్, అమెరికాల 60 పద్ధతి. మనది పాల్ దేశం కదా అని అందరూ పాల్ నొక్కుతారు. తప్పు. పాల్ అంటే యూరప్‌లో నింటెండో అమ్మిన అసలు పెట్టె. దాని ప్రాసెసర్ 1.66 మెగాహెర్ట్జ్, జపాన్, అమెరికా పెట్టెల్లో 1.79. శబ్దం కూడా ప్రాసెసర్ నుంచే పుడుతుంది కాబట్టి పాట నెమ్మదించడమే కాదు, శ్రుతి కూడా ఒక స్వరస్థానం పైగా దిగి బొంగురుపోతుంది. పైగా బొమ్మలో ఒక్కో అడ్డగీత గీసేలోపు ప్రాసెసర్ చేసే పని తగ్గుతుంది. పైన స్కోరు కదలకుండా, కింద మైదానం మాత్రమే జరిగేలా గీతలు లెక్కగట్టి రాసిన గేముల్లో ఆ అతుకు దగ్గర వణుకు వస్తుంది.

మీకు కావలసింది డెండీ. రష్యాలో బాగా అమ్ముడైన నకలు పెట్టె పేరది, ఎమ్యులేటర్లలో ఆ తరహా నకళ్లన్నిటికీ అదే పేరు స్థిరపడింది. ఆ నకళ్లు చేసినవాళ్లు తెలివిగా ఆలోచించారు. ప్రాసెసర్‌ని 1.77 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంచి, గీతకి ఎంత పని అన్న లెక్కని జపాన్ పెట్టెలాగే పెట్టి, అదనపు సమయాన్నంతా బొమ్మ పూర్తయ్యాక ఖాళీ గీతలుగా కలిపేశారు. అందుకే శ్రుతి దాదాపు అదే, వేగం మాత్రం 50. ఒక్కో ఎమ్యులేటర్‌లో అది ఎక్కడుందంటే (ఎన్ఈఎస్ అంటే నింటెండో పెట్టె):

- మెసెన్‌లో: సెట్టింగ్స్, ఎన్ఈఎస్, జనరల్, రీజియన్, డెండీ.
- ఎఫ్‌సీఈయూఎక్స్‌లో: ఎన్ఈఎస్ మెనూ, రీజియన్, డెండీ.
- రెట్రోఆర్చ్‌లో: గేమ్ నడుస్తుండగా కోర్ ఆప్షన్స్‌లో రీజియన్. ఎఫ్‌సీఈయూఎమ్ఎమ్, నెస్టోపియా అనే కోర్లు (లోపల గేమ్‌ని నడిపే ఇంజన్లు) రెండింట్లోనూ డెండీ ఉంది.

గేమ్‌ని రీసెట్ చేసి మళ్లీ స్టాప్‌వాచ్. 48 వచ్చిందా, సరే. బొంగురు పాటతో 48 వచ్చిందంటే పాల్ నొక్కారు.

ఇక్కడితో ఆపేస్తే కొత్త ఫిర్యాదు వస్తుంది: "వేగం బాగుంది, కానీ స్క్రోల్ అయ్యేటప్పుడు కుదుపు." నిజమే. 50 ఫ్రేముల్ని 60 సార్లు మారే తెర మీద చూపిస్తే ప్రతి ఐదింటిలో ఒకటి రెండుసార్లు కనబడుతుంది. తెరని కూడా 50కి దించాలి. కంప్యూటర్‌ని టీవీకి కలిపి ఉంటే విండోస్‌లో డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే, రిఫ్రెష్ రేట్ దగ్గర 50 హెర్ట్జ్ ఎంచుకోండి. మన దగ్గర అమ్మే టీవీలు 50 తీసుకుంటాయి. ల్యాప్‌టాప్ సొంత తెరకి చాలాసార్లు 50 ఉండదు, కుదుపు భరించాలి లేదా టీవీకి మార్చాలి. వీఆర్ఆర్ (తెర తన వేగాన్ని గేమ్‌కి తగ్గట్టు మార్చుకోవడం) ఉన్న మానిటర్ అయితే రెట్రోఆర్చ్‌లో "సింక్ టు ఎగ్జాక్ట్ కంటెంట్ ఫ్రేమ్‌రేట్" ఆన్ చేస్తే చాలు.

యూరప్ ఫైలు దించుకుంటే పోలా అంటారు కొందరు. పోదు. మారియో యూరప్ క్యాసెట్‌లో వేగాన్ని 50కి తగ్గట్టు మళ్లీ సర్ది రాశారు, అది అసలు వేగానికే దగ్గరగా నడుస్తుంది. కాంట్రా అయితే ఇంకా వింత. యూరప్‌లో అది ప్రోబోటెక్టర్ పేరుతో వచ్చింది, కండల వీరుల బదులు రోబోలు పరిగెడతాయి. మనం ఆడింది జపాన్, అమెరికా ప్రోగ్రామ్‌ని పాల్ టీవీ మీద.

మిగతా చిన్నవి

మారియో లావయ్యాడు: టీవీ బొమ్మని 16:9కి సాగదీస్తోంది. 4:3 పెట్టండి. నిజానికి 50 హెర్ట్జ్ పెట్టెల్లో 288 గీతల చోట 240 గీతల బొమ్మే పడేది, పైనా కిందా నల్ల పట్టీలు ఉండి మారియో కొంచెం పొట్టిగానే కనబడేవాడు. మీ జ్ఞాపకంలో వాడు బొద్దుగా ఉంటే అది అబద్ధం కాదు.

అంచుల్లో చెత్త: పాత టీవీ తన చట్రం వెనక దాచేది. ఎమ్యులేటర్‌లో ఓవర్‌స్కాన్ కోత పైనా కిందా 8 గీతలు పెట్టండి.

శత్రువులు ఎక్కువైతే మినుకుమినుకు: జబ్బు కాదు. ఒక గీత మీద ఎనిమిది బొమ్మ ముక్కలే పడతాయి, తొమ్మిదోది మాయమవుతుంది. అప్పుడూ అంతే. ఆ పరిమితి తీసేసే ఆప్షన్ ఉంది, కానీ కొన్ని గేములు దాన్నే వాడుకుని బొమ్మల్ని దాస్తాయి, అక్కడ వికారంగా ఉంటుంది.

డక్ హంట్ తుపాకీ పలకదు: పలకదు కూడా. ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి బాతు చోట తెల్ల గడి మెరుస్తుంది, తుపాకీ ఆ క్షణంలోనే డబ్బా టీవీ వెలుగు కోసం చూస్తుంది. ఎల్‌సీడీ దగ్గర ఆ వెలుగూ లేదు, ఆ సమయపాలనా లేదు. డబ్బా టీవీ వెతుక్కోండి, లేదా ఎమ్యులేటర్‌లో మౌస్‌తో కాల్చండి.

పాత పెట్టెనే తీసి కొత్త టీవీకి ఏవీ వైర్లతో కలిపితే, దెబ్బ తగిలి మినుకుమనాల్సిన మారియో సగం పారదర్శకంగా కనబడటమో, అసలు కనబడకపోవడమో జరుగుతుంది. టీవీ ఆ సిగ్నల్‌ని ఇంటర్‌లేస్ (ఒకే బొమ్మని సగం సగం గీతలుగా రెండు విడతల్లో పంపడం) అనుకుని రెండు ఫ్రేముల్ని కలిపేస్తోంది. ఐదారొందల రూపాయల ఏవీ-హెచ్‌డీఎంఐ డబ్బాలూ అదే పని చేస్తాయి, పైగా చాలావాటిలో బయటికొచ్చేది 60 హెర్ట్జే. పాత గేముల కోసమే చేసిన లైన్ డబ్లర్ (ఒక్కో గీతని రెండుగా చేసి కొత్త టీవీకి పంపే పరికరం) ఒక్కటే సరైన మందు. ఆ ధర పెట్టే బదులు ఎమ్యులేటర్ చాలు.

ఇక ఆన్‌లైన్‌లో వచ్చే "600 గేములు" పెట్టెలు. చాలావాటిలో రీజియన్ మెనూ ఉండదు, శబ్దం సగం తప్పు, స్టాప్‌వాచ్ 40 దగ్గరే ఆగుతుంది. వాటితో చేయగలిగింది టీవీలో గేమ్ మోడ్ పెట్టడం ఒక్కటే. వెనక్కి పంపే గడువు ఇంకా ఉంటే పంపేయండి.