బండికి కొత్త రూపు – 3వ పాఠం: పేరు, బోర్డు

ఏవి మార్చకూడదో పోయిన పాఠంలో రాసుకున్నాం: బండి నిలిచే చోటు, పొయ్యి వెలిగించే వేళ, ఉప్పు కారాల పాళ్లు, చేసే చెయ్యి. ఈసారి బోర్డు పని. హన్మకొండ చౌరస్తా దగ్గర పొద్దూకినంక నిలిచే సర్వపిండి (గిన్నెకు ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె) బండి ఒకటి ఉందనుకుందాం. మీది మిర్చి బండి అయినా, మక్క గారెలది అయినా పద్ధతి ఇదే.

పేరు కోసం ముందు చెవులు వాడండి. రెండు సాయంత్రాలు బండి పక్కన నిలబడి, గిరాకీలు ఫోన్లలో ఏమంటున్నారో వినండి. "ఏడున్నవ్‌రా?" అని అవతల అడిగితే, "అవ్వ బండి కాడ" అంటారు. ఇంకొకరు "బస్టాప్ ఎన్కాల" అంటారు. అన్నీ కాగితం మీద పెట్టండి. ఎక్కువసార్లు వినపడ్డదే మీ పేరు. దాన్ని పక్కనపెట్టి 'ఫుడ్ జంక్షన్' అని రాయిస్తే, ఏండ్లుగా జనం నోట్లో నలిగిన పేరును మనమే తుడిపేసుకున్నట్టు. ఈ ఒక్క విషయంలో నా మాట వినమని గట్టిగా అడుగుతున్నాను.

అట్లని ఉత్త 'సర్వపిండి' అని రాసి ఊరుకోవద్దు. వంటకం పేరు అందరిదీ. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కింద కూడా ఉత్త సరుకు పేరును ఒక్కరి సొంతంగా నమోదు చేయరు. 'అవ్వ సర్వపిండి' అనండి. రెండు మాటలు చాలు.

ఇక అక్షరాలు. బోర్డు పనిలో ఒక మోటు లెక్క ఉంది: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. రోడ్డు అవతల, యాభై అడుగుల నుంచి చదవాలంటే అయిదు అంగుళాలు. ఇంగ్లిషుకు ఇది సరిపోతుంది. తెలుగులో 'ర్వ' కింద వత్తు దిగుతుంది, 'పిండి' మీద గుడులు లేస్తాయి. అవన్నీ కలిపి అయిదు అంగుళాల్లో ఇరికిస్తే అసలు అక్షరం సగానికి చిక్కిపోతుంది. అందుకే వత్తులు, గుడులు వదిలేసి అక్షరం ఒళ్లు ఒక్కటే అయిదు అంగుళాలు ఉండాలని పెయింటర్‌కు ముందే చెప్పండి. కింద మూడు, పైన రెండు అంగుళాలు ఖాళీ ఉంచమనండి.

రెండు వరుసల్లో రాస్తే ఇంకో చిక్కు. 'అవ్వ' నడిమధ్యన పెడితే దాని వత్తు కింది వరుసలో 'పి' గుడిని తగులుతుంది. ఎడమకు జరిపి 'సర్వ' మీద పెట్టండి. అక్కడ గుడులు లేవు, వత్తు హాయిగా దిగుతుంది. కంప్యూటర్‌లో చేయిస్తే రామరాజ ఫాంటు చూడండి. ఉచితం, అక్షరం లావుగా ఉంటుంది.

గుర్తు కోసం వెతకొద్దు. సర్వపిండిని గిన్నెకు ఒత్తి, వేలితో పొక్కిళ్లు పెట్టి, వాటిలో నూనె పోస్తాం కదా! గుండ్రటి పిండి, దానిలో అయిదారు పొక్కిళ్లు. చదువు రాని పిల్లలు కూడా పోల్చుకుంటారు, పెయింటర్ నిమిషంలో వేస్తాడు. నెట్‌లో దొరికిన నూడుల్స్ బొమ్మలు మన బండి మీద ఎందుకు?

ఫ్లెక్సీ చవకే, కానీ మన ఎండలకు వెలిసిపోతుంది. ఇనుప రేకు మీద ఎనామిల్ పెయింట్ మేలు. కింద మూలన ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ 14 అంకెల నంబరు రాయించండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెర మీద వచ్చే పేరు బోర్డు మీది పేరే ఉండేటట్టు మార్పించుకోండి. వేరే పేరు కనిపిస్తే డబ్బులు పంపేవాళ్లు ఆగిపోతారు.

ఇంటిపని: పాత క్యాలెండర్ వెనకవైపు పేరు అసలు కొలతల్లో రాసి, చీకటి పడ్డాక బండికి కట్టండి. రోడ్డు దాటి అవతల నుంచి చదవండి. కళ్లజోడు వాడే పెద్దవాళ్లు ఒకరితో కూడా చదివించండి. వాళ్లు తడబడ్డ అక్షరం కింద గీత పెట్టుకుని ఉంచండి. వచ్చే పాఠంలో పొట్లాల పని ఉంది, న్యూస్‌పేపర్‌లో కట్టడం నిషేధం కాబట్టి మోదుగ విస్తళ్లు దొరికే చోటు ఈలోపు కనుక్కోండి.